బయటికి పోవడానికి కార్డెందుకు?



హైదరాబాద్‌లో మెట్రో రైలు దిగి స్టేషన్ బయటికి రావాలంటే గేటు దగ్గర కార్డు మళ్లీ తాకించాలి. ఎక్కింది అమీర్‌పేటలోనా, మియాపూర్‌లోనా అన్నది తేలితేగానీ చార్జీ లెక్క తెగదు కాబట్టి దాన్నెవరూ తప్పుపట్టరు. ఆ పద్ధతే ఇప్పుడు ఆఫీసుల్లో, మందుల కంపెనీల్లో, డేటా సెంటర్లలో, నగలు తయారుచేసే చోట్ల, కొన్ని ఆస్పత్రి వార్డుల్లో కనిపిస్తోంది. లోపలికి పోవడానికి కార్డు కొట్టమంటే సరేనంటాం. చోటు వాళ్లది, తాళం వాళ్లది. బయటికి పోయేవాణ్ని కూడా కార్డు కొట్టమన్నప్పుడు సంగతి మారిపోతుంది. లోపలికి రానివ్వకపోతే మనిషి మహా అయితే వరండాలో నిలబడతాడు. బయటికి పోనివ్వకపోతే ఏమవుతాడన్నదే ఈ ప్రసంగం.

నా ఉద్యోగమంతా ఇలాంటి తలుపులు బిగించడంతోనూ, వేరేవాళ్లు బిగించినవి పరీక్షించడంతోనూ గడిచింది. తలుపుకి బయటి వైపు పెట్టేదాన్ని ఇన్ రీడర్ అనీ, లోపలి వైపు పెట్టేదాన్ని అవుట్ రీడర్ అనీ అంటాం. అవుట్ రీడర్ కావాలని అడిగే యజమానికి కారణాలుంటాయి, అవి కొట్టిపారేసేవీ కావు. ఫలానా ల్యాబులో ఈ క్షణాన ఎంతమంది ఉన్నారో తెలియాలి. సర్వర్ గదిలోకి రాత్రి పదిన్నరకి వెళ్లినవాడు ఎప్పుడు బయటపడ్డాడో రికార్డు ఉండాలి. సరుకు చేతులు మారకూడదు. ఇవి పైకి చెప్పే కారణాలు. మెల్లగా చెప్పే కారణం ఇంకోటుంది: ఎవరు టీకి ఎన్నిసార్లు పోయారు, బాత్‌రూమ్‌లో ఎంతసేపున్నారు అన్న లెక్క కూడా ఆ రీడరే ఇస్తుంది. చాలా చోట్ల ఆ రీడర్‌కి డబ్బు మంజూరు చేసింది సెక్యూరిటీ విభాగం కాదు, హెచ్ఆర్.

ఒక కార్డు మీద ఇద్దరు రాకుండా చూడటానికి ఇంకో ఏర్పాటు చేస్తారు. లోపలికి కొట్టిన కార్డు బయటికి కొట్టేదాకా మళ్లీ లోపలికి పనిచేయదు. అలాగే లోపలికి కొట్టని కార్డు బయటికి కూడా పనిచేయదు. దీన్ని యాంటీ పాస్‌బ్యాక్ అంటారు. కాగితం మీద బాగానే ఉంటుంది. పొద్దున లిఫ్టు దిగిన గుంపులో ముందున్న అమ్మాయి కార్డు కొట్టి తలుపు పట్టుకుంటుంది, వెనకాల నలుగురు "థాంక్స్ అండీ" అంటూ దూరిపోతారు. సాయంత్రం వాళ్లలో ఒకాయన ఇంటికి పోదామని కార్డు కొడితే ఎర్రలైటు. సెక్యూరిటీ కుర్రాడు తెర చూసి, "మీరు లోపలికి రానే లేదని చూపిస్తోంది సార్" అంటాడు. "రాకపోతే ఇప్పుడు నీతో మాట్లాడుతున్నదెవరు తమ్ముడూ?" అని ఈయన. ఇలాంటి గొడవ ఎన్నో ఆఫీసుల్లో చూశాను. నవ్వుకుని వదిలేస్తారు. తెలివైన చోట మాత్రం సెట్టింగు మారుస్తారు: లెక్క తప్పితే యంత్రం తప్పు రాసుకుంటుంది, తలుపు మాత్రం తీస్తుంది. రెండు సెట్టింగులూ అదే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి, మార్చడానికి పైసా ఖర్చు లేదు.

ఇక ఆ తలుపుని దగ్గర నుంచి చూద్దాం. చాలా ఆఫీసుల్లో గాజు తలుపు పైన, చట్రానికి బిగించి, జానెడున్నర పొడవున వెండి రంగు కడ్డీ ఒకటి కనిపిస్తుంది. అది విద్యుదయస్కాంతం. తలుపుకి దాని ఎదురుగా ఇనప పలక ఉంటుంది. పన్నెండు వోల్టుల కరెంటు పారుతున్నంతసేపూ కడ్డీ పలకని పట్టుకునే ఉంటుంది. చిన్నరకం మీద 280 కిలోల పట్టు అని రాసి ఉంటుంది, పెద్దరకం 500 కిలోలు దాటుతుంది. ఇద్దరు దిట్టమైన మనుషులు కాలు తన్నిపెట్టి లాగినా రాదు. దాంట్లో గడియ లేదు, స్ప్రింగు లేదు, కదిలే భాగమే లేదు. కరెంటు ఆగితే ఆ క్షణంలోనే టక్కుమని వదిలేస్తుంది. అందుకే దీన్ని ఫెయిల్ సేఫ్ రకం అంటారు. కరెంటు పోయినా మూసుకునే ఉండే రకాన్ని ఫెయిల్ సెక్యూర్ అంటారు. అది బయటివాళ్లు రాకూడని చోటికి పనికొస్తుంది. లోపలి వైపు మామూలు పిడి ఉంటే ప్రమాదం లేదు, పిడి తిప్పి వచ్చేయొచ్చు.

కరెంటు పోతే వదిలేస్తుందన్న మాట విని యజమాని నిశ్చింతగా ఉంటాడు. మంటలొస్తే కరెంటు పోతుంది, తలుపు తెరుచుకుంటుంది, ఇంకేం కావాలి అని. కరెంటు పోదు. తాళానికి వచ్చే కరెంటు బ్యాటరీ మీంచి వస్తుంది. ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా తలుపు తెరుచుకుంటే దొంగలకి పండగ కాబట్టి బ్యాటరీ పెట్టింది మేమే. బిల్డింగ్ మెయిన్ ఆఫ్ చేసినా ఆ కడ్డీ గంటలకొద్దీ పట్టుకునే ఉంటుంది. అందుకని ఫైర్ అలారం నుంచి ఒక తీగ వచ్చి, ఆ బ్యాటరీకీ తాళానికీ మధ్య దారిని నేరుగా తెంచాలి. మధ్యలో కంప్యూటర్‌ని అడగకూడదు.

ఎన్నో చోట్ల ఈ ఒక్క తీగ దగ్గరే పని చెడిపోతుంది. ఫైర్ అలారం పెట్టినవాడు వేరే కాంట్రాక్టరు, తలుపులు పెట్టినవాడు వేరే కాంట్రాక్టరు. ఆ తీగ ఎవరి బిల్లులోనూ ఉండదు. ఒక పెద్ద భవనంలో ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తి చూస్తే, ఫైర్ ప్యానెల్ నుంచి వచ్చిన ఎర్ర తీగ చుట్టచుట్టి, కొసలకి నల్ల టేపు వేసి, జిప్ టైతో కట్టి పెట్టి ఉంది. రెండు కాంట్రాక్టులకీ పని పూర్తయినట్టు సంతకాలున్నాయి. అలారం నొక్కితే సైరన్ చెవులు పగిలేలా మోగుతుంది, తలుపులు మాత్రం ఉలకవు పలకవు.

తలుపు పక్కన గోడకి ఆకుపచ్చ డబ్బా ఒకటి చూసే ఉంటారు. ఎర్రది మంటలకి, పచ్చది తలుపుకి. గాజు నొక్కితే తలుపు తెరుచుకోవాలి. సరిగా బిగిస్తే ఆ డబ్బాలో రెండు స్విచ్‌లు పనిచేస్తాయి: ఒకటి తాళానికి పోయే కరెంటుని అక్కడికక్కడే తెంచేస్తుంది, రెండోది సెక్యూరిటీ గదికి కబురు పంపుతుంది. తీగ ఆదా చేసే కుర్రాళ్లు రెండో పని మాత్రమే చేసి ఊరుకుంటారు. అంటే మీరు గాజు పగలగొట్టినా అది కరెంటుని తెంచదు. తలుపు తీయమని కంట్రోలర్‌కి విన్నపం పంపుతుంది. కంట్రోలర్ బాగుంటే తీస్తుంది, హ్యాంగ్ అయి ఉంటే లేదు. బయటికి చూస్తే రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయి.

ఇంత వివరం ఎందుకంటే, బయటికి పోయే దారికి గడియ వేయడం వల్ల ఏం జరుగుతుందో లోకం చాలాసార్లు చూసింది. 1911 మార్చి 25న, శనివారం సాయంత్రం, న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే రవికల ఫ్యాక్టరీ తగలబడింది. పదంతస్తుల భవనంలో పై మూడంతస్తులు వాళ్లవి. పనిచేసేవాళ్లు ఎక్కువగా ఇటలీ నుంచీ తూర్పు యూరప్ నుంచీ వలసవచ్చిన ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తులో ఒక మెట్లదారి తలుపుకి తాళం వేసి ఉంది. పిల్లలు ఇంటికి పోయేటప్పుడు ఒకే దారిన పోవాలి, అక్కడ వాళ్ల చేతిసంచులు వెతకాలి, అందుకని. మొత్తం 146 మంది పోయారు. వాళ్లలో చాలామంది కిటికీల్లోంచి దూకారు.

యజమానులిద్దరి మీదా కేసు నడిచింది. అసలు ఎంత సరుకు దొంగతనం పోతుందని తాళం వేశారని అడిగితే, ఇద్దరిలో ఒకాయన అంతా కలిపినా పాతిక డాలర్లు దాటదని ఒప్పుకున్నాడు. ఆ తలుపుకి ఆ సమయాన తాళం ఉన్నట్టు యజమానులకి తెలుసని రుజువు కాలేదని జ్యూరీ వదిలిపెట్టింది. ఇంకా ఉంది కథ. రెండేళ్ల తర్వాత, 1913లో, వాళ్లలోనే రెండో ఆయన ఇంకో ఫ్యాక్టరీలో పనివేళ తలుపుకి తాళం వేసి దొరికాడు. కోర్టు వేసిన జరిమానా 20 డాలర్లు.

ఇది వందేళ్ల పైనాటి మాట అనుకోకండి. 2013 జనవరి 27న బ్రెజిల్‌లో శాంతా మారియా అనే ఊళ్లో కిస్ అనే నైట్ క్లబ్బు అంటుకుంది. అక్కడి పద్ధతి ఏమిటంటే లోపల తాగినదీ తిన్నదీ చీటీ మీద రాస్తారు, బయటికి పోయేటప్పుడు కడతారు. మంట మొదలై కుర్రాళ్లు తలుపు మీదికి పరుగెత్తితే, బిల్లు ఎగ్గొట్టి పోతున్నారనుకుని గార్డులు మొదట అడ్డుకున్నారు. పొగ చూశాకగానీ దారి వదల్లేదు. అక్కడ 242 మంది చనిపోయారు. ఆ గార్డులు దుర్మార్గులేం కారు. వాళ్లకిచ్చిన పని అది: కట్టినవాణ్ని పంపు, కట్టనివాణ్ని ఆపు. మన అవుట్ రీడర్ చేసేదీ ఆ పనే. కాకపోతే గార్డు కళ్లకి పొగ కనిపిస్తుంది, రీడర్‌కి కార్డు నంబరు తప్ప ఏమీ కనిపించదు.

మన దేశంలోనూ తలుపుల కథలు తక్కువేం లేవు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 59 మంది ఊపిరాడక పోయారు, బాల్కనీలో తలుపు గడియలూ, దారికి అడ్డంగా వేసిన అదనపు సీట్లూ ఆ కేసులో పెద్ద విషయాలయ్యాయి. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో 2023 మార్చి 16న పోయిన ఆరుగురూ ఇరవై దాటీ దాటని పిల్లలు, పొగకే పోయారు. అక్కడ కార్డు తలుపులున్నాయని నేననడం లేదు. పొగ ఎంత వ్యవధి ఇస్తుందో గుర్తుచేస్తున్నానంతే. పొగ ముందు పైకప్పుని పట్టుకుంటుంది, అక్కణ్ణుంచి కిందికి దిగుతుంది. మనిషి ముందు తలొంచుకుంటాడు, తర్వాత మోకాళ్ల మీద పాకుతాడు. రీడర్ మాత్రం ఛాతీ ఎత్తున గోడకుంటుంది. కార్డు ఎక్కడుంటుంది? ఆఫీసులో ఓసారి చుట్టూ చూడండి. సగం మంది ట్యాగు మెడలోంచి తీసి కుర్చీకి తగిలించి ఉంటారు, లేదా కీబోర్డు పక్కన పెట్టి ఉంటారు. బాత్‌రూమ్‌కి పోయినవాడి కార్డు బల్ల మీద, మనిషి కారిడార్లో.

తలుపు గురించి ఇంకోలా ఆలోచించిన మనిషి కూడా ఉన్నాడు. 1903 డిసెంబర్ 30న షికాగోలో ఇరోక్వాయ్ థియేటర్ కాలిపోయి ఆరువందల మందికి పైగా చనిపోయారు. చాలామంది పిల్లలు, వాళ్లని తీసుకొచ్చిన తల్లులు. తలుపులకి గడియలు, ఆ గడియలు ఎలా తీయాలో ఎవరికీ తెలియదు. కార్ల్ ప్రింజ్లర్ అనే ఇనప సామాన్ల వ్యాపారి ఆ రోజు ఆ ఆట చూడాల్సినవాడట, పని పడి వెళ్లలేకపోయాడట. ఆయన ఇండియానాపోలిస్‌లో వానెగట్ హార్డ్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. నవలలు రాసిన కర్ట్ వానెగట్ ముత్తాత పెట్టిన కొట్టే అది. ప్రింజ్లర్ ఒక ఇంజనీరుతో కలిసి తలుపుకి అడ్డంగా కడ్డీ పెట్టే తాళం తయారుచేయించాడు. 1908లో అది అమ్మకానికొచ్చింది. బయటి నుంచి చూస్తే తాళం వేసిన తలుపే. లోపలి నుంచి మాత్రం చేయి, మోచేయి, నడుం, వెనకాల జనం తోపుడు, ఏది తగిలినా తెరుచుకుంటుంది. మన సినిమా హాళ్లలో, మాళ్లలో ఎర్ర కడ్డీ ఉన్న తలుపు ఇప్పటికీ అదే. దాన్ని తెరవడానికి అక్షరం ముక్క రానక్కర్లేదు, భయంలో బుర్ర పనిచేయనక్కర్లేదు.

చట్టం కూడా అదే దారి పట్టింది. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి, 2016 నాటిది, నాలుగో భాగంలో నిష్క్రమణ తలుపులు లోపలి వైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని చెబుతుంది. కార్డు తాళంచెవి కాదా? నా మటుకు నాకు సందేహమే లేదు. ప్లాస్టిక్‌తో చేసినంత మాత్రాన తాళంచెవి కాకుండా పోదు. అమెరికా వాళ్ల లైఫ్ సేఫ్టీ కోడ్ ఇంకా విడమరిచి చెబుతుంది. ఇలాంటి అయస్కాంత తలుపులకి లోపలి వైపు మనిషి రాకని పసిగట్టి తలుపు వదిలేసే సెన్సర్ ఉండాలి, అది పనిచేయకపోతే నొక్కడానికి బటన్ ఉండాలి. ఆ బటన్ తలుపుకి అయిదడుగుల లోపు, నేల నుంచి 40, 48 అంగుళాల మధ్య ఉండాలి. నొక్కితే కరెంటు నేరుగా తెగి, తలుపు కనీసం 30 సెకన్లు తెరిచే ఉండాలి.

ఆపక తప్పని చోట్లు లేవా అంటే ఉన్నాయి. జైలు సరే. మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లుండే వార్డు ఉంది. తలుపు తెరిచి ఉంటే వాళ్లలో ఒకాయన లుంగీతోనే రోడ్డెక్కేస్తాడు. పసిపిల్లల వార్డు ఉంది. ఎవరో నర్సు చీర కట్టుకుని బిడ్డనెత్తుకుపోతే ఆ తల్లికి ఎవరు జవాబు చెబుతారు? అక్కడ తలుపు ఆపొచ్చు, అయితే తీసే సాధనం అక్కడ పనిచేసే ప్రతి మనిషి దగ్గరా ఎప్పుడూ ఉండాలి. పూర్తిగా ఆపడానికీ, పూర్తిగా వదలడానికీ మధ్యన ఇంకో ఉపాయం ఉంది. తలుపు తోస్తే వెంటనే తెరుచుకోదు, సైరన్ మోగుతుంది, 15 సెకన్ల తర్వాత తెరుచుకుంటుంది. ఆ 15 సెకన్లలో గార్డు పరుగెత్తుకు రావచ్చు. అమెరికాలో అధికారులు ఒప్పుకుంటే 30 దాకా పెంచుకోవచ్చు. ఫైర్ అలారం మోగినా, కరెంటు పోయినా ఆ ఆలస్యం ఉండకూడదు, తోసిన వెంటనే రావాలి. తలుపు మీద పెద్దక్షరాలతో ఆ మాట రాసి ఉండాలి. మన దగ్గర పెడితే తెలుగులోనూ హిందీలోనూ రాయాలంటాను నేను. హౌస్‌కీపింగ్‌లో పనిచేసే అక్క ఇంగ్లీషు చదువుతుందన్న నమ్మకంతో తలుపులు చేయకూడదు.

ఇంత కట్టుదిట్టం చేసిన కార్డు ఎంత గట్టిదో కూడా చెప్పాలి కదా. 2008లో నెదర్లాండ్స్‌లో రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మిఫేర్ క్లాసిక్ అనే కార్డు రహస్యం ఛేదించారు. అప్పట్లో అక్కడి బస్సు, రైలు టికెట్లకీ, ఎన్నో భవనాల తలుపులకీ అదే కార్డు. చిప్పు చేసిన కంపెనీ ఆ పరిశోధన అచ్చు కాకుండా ఆపమని కోర్టుకి వెళ్లింది, కోర్టు ఒప్పుకోలేదు. మన ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న పాతకాలపు మందపాటి కార్డులు దానికంటే అన్యాయం. వాటికి రహస్యమనేదే లేదు, దగ్గర పెట్టిన ఏ రీడర్‌కైనా నంబరు చెప్పేస్తాయి. వాటిని కాపీ కొట్టే పరికరం ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. అంటే దొంగ వేరేవాడి కార్డుతో దర్జాగా పోతాడు, కార్డు మర్చిపోయిన ఉద్యోగి ఇరుక్కుంటాడు.

యంత్రాన్ని పూర్తిగా నమ్ముకుంటే ఏమవుతుందో 2021 అక్టోబర్ 4న పెద్దవాళ్లకే అనుభవమైంది. ఆ రోజు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలపాటు పడిపోయాయి. సొంత నెట్‌వర్కే కూలిపోవడంతో కొందరు ఉద్యోగుల కార్డులకి తలుపులు తెరుచుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ ఇబ్బంది లోపలికి పోవడానికి కాబట్టి సరిపోయింది.

అవుట్ రీడర్‌ని సమర్థించేవాళ్లు చెప్పే మాటల్లో నాకు బరువైనదిగా కనిపించేది ఒకటుంది: ప్రమాదమొస్తే లోపల ఎవరున్నారో జాబితా చేతికొస్తుందని. మంచి ఉద్దేశమే. పరుగెత్తేవాడు మాత్రం కార్డు కొట్టడు. తలుపులన్నీ తెరుచుకున్నాయి, మూడొందల మంది ఒక్కుమ్మడిగా మెట్లు దిగిపోయారు. కంప్యూటర్ లెక్క ప్రకారం ఆ మూడొందల మందీ ఇంకా లోపలే ఉన్నారు. ఫైర్ ఆఫీసర్ ఆ కాగితం నమ్మితే ఖాళీ గదుల్లోకి తన మనుషుల్ని పంపాలి. దీనికి మందు ఏమిటంటే, అందరూ వచ్చి చేరే చోట, పార్కింగులోనో గేటు బయటో, ఒక రీడర్ పెట్టడం. అక్కడికొచ్చి కార్డు కొట్టినవాడు క్షేమం. కార్డు పైన వదిలేసి వచ్చినవాడి పేరు చేత్తో రాసుకుంటారు. లెక్కంతా అక్కడ తేలుతుంది, తలుపు దగ్గర ఎవరూ ఆగక్కర్లేదు.

యజమానులకి నేను చెప్పేదీ దాదాపు ఇదే. ఎవరు పోయారో తెలియాలి, అది మీ హక్కు. పోవడానికి అనుమతి మీ చేతిలో ఉండాలి, అది మీ హక్కు కాదు. ఈ రెండు కోరికలూ ఒకే డబ్బాలో కలిసి వస్తున్నాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి, విడదీస్తే విడిపోతాయి. అవుట్ రీడర్ పెట్టుకోండి. కార్డు కొట్టి పోతే చప్పుడు లేకుండా తెరుచుకోనివ్వండి. కొట్టకుండా కడ్డీ తోస్తే కూడా తెరుచుకోనివ్వండి, కాకపోతే సైరన్ మోగనివ్వండి, కెమెరా ఆ మొహాన్ని పట్టుకోనివ్వండి. దొంగ దొరుకుతాడు, పొగలో ఉన్నవాడు బతుకుతాడు. "సైరన్ ఊరికే మోగుతుంటే చిరాకండీ" అంటారు కొందరు. మోగాలి. మోగినప్పుడల్లా ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. అలా వెళ్లి చూసే మనిషికి జీతం ఇవ్వడం ఇష్టం లేకనే కదా తలుపుకి ఆ పని అప్పగించింది.

ఫైర్ డ్రిల్ గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. మన దగ్గర డ్రిల్లు ఎలా జరుగుతాయో తెలుసు కదా. ముందురోజే మెయిల్ వస్తుంది. పదకొండింటికి డ్రిల్లంటే పావుతక్కువకే గార్డు వెళ్లి తలుపులన్నీ తీసి, కింద చెక్కముక్క అడ్డం పెడతాడు. అందరూ టీ కప్పులతో దిగుతారు, ఫోటో తీస్తారు, రిజిస్టర్లో సంతకం. ఆ డ్రిల్లులో తలుపుకి పరీక్షే జరగలేదు. మీ ఆఫీసులో మీ మాట చెల్లుతుందంటే ఒక్కటి అడగండి: ఈసారి తలుపులు మూసే ఉంచమనండి, మెయిన్ ఆఫ్ చేసి బ్యాటరీ మీద ఉండగా అలారం నొక్కమనండి. ప్రతి మెట్లదారి దగ్గరా ఒక మనిషి మెడలో కార్డు లేకుండా నిలబడి తలుపు తోయాలి. తర్వాత అలారం ఆపి, ఒక్కొక్క పచ్చ డబ్బా విడిగా నొక్కి చూడాలి, కంట్రోలర్ స్విచ్ ఆపి ఇంకోసారి నొక్కాలి. అంతా కలిపి ఒక పూట పని. ఏ తలుపు తెరుచుకోలేదో ఆ తలుపు నంబరు రాసి, ఫైర్ కాంట్రాక్టర్నీ, తలుపుల కాంట్రాక్టర్నీ ఒకే రోజు, ఒకే సమయానికి, ఆ తలుపు దగ్గరికే పిలవండి. విడివిడిగా పిలిస్తే అది మా పని కాదని ఇద్దరూ చెప్పి వెళ్లిపోతారు.